వానలు పడితే చాలు, మన వైపు పిల్లల వార్డులు నిండిపోతున్నాయి. ఎందుకిలా?

రాజాం_అమ్మ
మాది రాజాం దగ్గర పల్లె. బాబుకి ఏడాది దాటింది. తొలకరి పడిన దగ్గర్నుంచి వాడికి విరేచనాలు తగ్గినట్టే తగ్గి మళ్ళీ పట్టుకుంటున్నాయి. మధ్యలో జ్వరం, దగ్గు. మా వీధిలో చంటిపిల్లలున్న ప్రతి ఇంట్లో ఇదే గొడవ. అంగన్‌వాడీకి సగం మంది పిల్లలు రావడం లేదు. మొన్న ఆసుపత్రికి తీసుకెళ్తే ఒక్కో మంచం మీద ఇద్దరేసి పిల్లలున్నారు. మాట కలిపితే ఒకరిది చీపురుపల్లి, ఒకరిది పొందూరు, ఒకరిది పాలకొండ. అత్తయ్య "పళ్ళొస్తున్నాయిలే, అందరు పిల్లలకీ ఉండేదే" అంటారు. ఆర్‌ఎంపీ గారు వచ్చిన ప్రతిసారీ ఒక సూది, ఒక యాంటీబయాటిక్ సీసా. రెండు రోజులు బాగుంటాడు, మళ్ళీ మామూలే. పిల్లాడు చిక్కి సగమయ్యాడు. మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లోనే ఇంత ఎక్కువా, అన్ని చోట్లా ఇంతేనా? ఇది ఎక్కడి నుంచి వస్తోంది? తెలిసినవాళ్ళు చెప్పండి. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

పలాస_జీడితోట
పళ్ళకీ నీళ్ల విరేచనాలకీ సంబంధం లేదమ్మా. పళ్ళు వచ్చేటప్పుడు చొంగ కారుస్తారు, చిరాకు పడతారు, దొరికిందల్లా కొరుకుతారు. సరిగ్గా అదే వయసులో పాకడం, నేల మీదున్నది నోట్లో పెట్టుకోవడం, తల్లిపాలతో పాటు బయటి నీళ్ళు, తిండి మొదలవుతాయి. రోగం అటునుంచి వస్తుంది, నింద పళ్ళ మీద పడుతుంది.

బొబ్బిలి_వీణ
మా రోజుల్లో నూతి నీళ్ళే తాగాం, ఏమీ కాలేదు. ఇప్పటి పిల్లలకి బలం లేదు. చోడి (రాగి) అంబలి మానేసి ప్యాకెట్ల తిండి పెడుతున్నారు.

లెక్కల_మాస్టారు
@బొబ్బిలి_వీణ అమ్మా, చోడి అంబలి మాట నిజమే. కానీ "ఏమీ కాలేదు" అనేది బతికి బట్టకట్టినవాళ్ళం చెప్పే మాట. మా నాయనమ్మకి దక్కినవాళ్ళు ఎంతమందో, పోయినవాళ్ళూ ఇంచుమించు అంతమంది. వాళ్ళ పేర్లు ఇంట్లో ఎవరూ తలుచుకోరు.

@రాజాం_అమ్మ అడిగిన లెక్కకి వస్తాను. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత (2019-21) ప్రకారం మన రాష్ట్రంలో పుట్టిన ప్రతి వెయ్యి మందిలో సుమారు 35 మంది ఐదేళ్ళు నిండకుండానే పోతున్నారు. అందులో 30 మంది మొదటి పుట్టినరోజు చూడరు. ప్రపంచం మొత్తం మీద 2022లో ఐదేళ్లలోపు పిల్లలు 49 లక్షల మంది చనిపోయారని ఐక్యరాజ్య సమితి అంచనా. నెలలు నిండకుండా పుట్టడం, కాన్పులో ఇబ్బందులు పక్కన పెడితే, ఆ తర్వాత ఎక్కువమందిని తీసుకుపోయేవి నిమోనియా, విరేచనాలు, మలేరియా. మూడూ మందున్న రోగాలే.

జిల్లాల మధ్య పోలిక దగ్గరే చిక్కు. ఆ సర్వే జిల్లా పత్రాల్లో "గత రెండు వారాల్లో పిల్లకి విరేచనాలు వచ్చాయా" అన్న ప్రశ్నకి వచ్చిన జవాబు ఉంటుంది, పిల్లల చావుల లెక్క ఉండదు. శ్రావణంలో అడిగితే ఒక జవాబు, మాఘంలో అడిగితే ఇంకో జవాబు. అందుకని "మన జిల్లాయే అన్నిటికంటే ఘోరం" అన్నా నమ్మకండి, "మన దగ్గర అలాంటివేం లేవు" అన్నా నమ్మకండి.

ఏఎన్ఎం_అక్క
రాజాం అమ్మా, ముందు ఇది చెప్పండి. జింకు మాత్రలు ఇచ్చారా ఎవరైనా? 14 రోజులూ వేశారా?

రాజాం_అమ్మ
జింకు పేరే ఎవరూ ఎత్తలేదక్కా.

ఏఎన్ఎం_అక్క
అక్కడే ఉంది సగం సంగతి. ఆరు నెలలు దాటిన పిల్లలకి రోజుకి 20 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి, 14 రోజులు. రెండు నుంచి ఆరు నెలల వాళ్ళకి అందులో సగం. చెంచాడు తల్లిపాలలోనో నీళ్ళలోనో వేస్తే ఇట్టే కరిగిపోతుంది. విరేచనాలు ఆగిపోయినా మాత్ర ఆపకూడదు. మా ఊళ్ళలో చాలామంది మూడో రోజుకే ఆపేస్తారు, మిగతావి అలమారలో ఉండిపోతాయి. పూర్తిగా వేస్తే ఆ తర్వాత రెండు మూడు నెలలు విరేచనాలు మళ్ళీ వచ్చే అవకాశం కూడా తగ్గుతుంది. మీ బాబుకి కావాల్సింది అదే.

ఓఆర్‌ఎస్ పెద్ద ప్యాకెట్ లీటరు నీళ్ళకి మొత్తం ఒకేసారి కలపాలి. సగం పొడి సగం గ్లాసుకి అని చేతి లెక్కలు వద్దు. రెండేళ్లలోపు పిల్లలకి విరేచనం అయిన ప్రతిసారీ పావు కప్పు నుంచి అరకప్పు. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి చెంచాతో మెల్లగా మళ్ళీ పట్టండి. కలిపింది 24 గంటలు దాటితే పారబోయండి. తల్లిపాలు, తిండి మానకండి.

కళ్ళు లోతుకు పోయినా, పొట్ట మీద చర్మం చిటికెతో పట్టి వదిలితే మెల్లగా వెనక్కి వెళ్ళినా, నీళ్ళు తాగలేకపోయినా, మగతగా పడి ఉన్నా, విరేచనంలో రక్తం పడినా ఇంట్లో ఉంచొద్దు.

చంపావతి_గట్టు
మందుల సంగతి అక్క చెప్పారు. ఎక్కడి నుంచి వస్తోందన్న దానికి నేను చెప్తాను. 2024 అక్టోబర్‌లో విజయనగరం జిల్లా గుర్లలో అతిసారం వచ్చి ఏమైందో ఇక్కడ అందరికీ తెలుసు. మాది అక్కడికి దగ్గరే. ఇంటికొకరు చొప్పున మంచాన పడ్డారు, బడిలో మంచాలు వేసి వైద్యం చేశారు, ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ వచ్చి చూసి వెళ్ళారు. పోయినవాళ్ళలో ఎందరు అతిసారంతో పోయారు, ఎందరు వేరే జబ్బుతో పోయారు అని రోజుల తరబడి వాదులాట నడిచింది. ఊరంతా ఒక్కసారి పడిపోతే పేపర్లో వస్తుంది. చంటిపిల్లలకి వీధికొకరు చొప్పున ఏడాది పొడవునా వస్తూంటే ఎవరికీ పట్టదు.

ఆ తర్వాత మా వీధిలో మేం కుర్రాళ్ళం కాలువ శుభ్రం చేశాం. సిల్టు తీస్తే అడుగున మంచినీళ్ళ పైపు. ఒక జాయింటు దగ్గర పాత సైకిల్ ట్యూబు చుట్టి తాడుతో కట్టారు. నీళ్ళు వదిలినప్పుడు ఆ ట్యూబు లోంచి బయటికి చిమ్ముతాయి, కాలువలో కలిసిపోతాయి కాబట్టి ఎవరికీ కనబడదు. నీళ్ళు కట్టేశాక పైపు ఖాళీ అవుతుంది, అప్పుడు కాలువలోని మురుగు అదే సందులోంచి లోపలికి పోతుంది. దీనికి తోడు కుళాయికి మోటారు బిగించి లాగేవాళ్ళు. మోటారు లాగుడికి నీళ్ళు లేని పైపు చుట్టుపక్కల ఏది ఉంటే అది పీల్చుకుంటుంది. మర్నాడు కుళాయి తిప్పగానే వచ్చే మొదటి నాలుగు చెంబులు అందుకే అలా మసగ్గా వస్తాయి. ఆ నీళ్ళు పట్టుకునేది ఎవరు? తెల్లారకముందే లేచే చంటిపిల్లల తల్లులు.

వాటర్_ట్యాంక్
పంచాయతీలో పంపు ఆపరేటర్‌గా చేస్తున్నాను. చంపావతి గారు చెప్పింది నిజమే, కానీ తప్పంతా మా నెత్తిన రుద్దకండి. బ్లీచింగ్ వేస్తే "వాసనొస్తోంది, కాఫీ పాడైపోతోంది" అని సచివాలయానికి ఫిర్యాదు చేసేది ఊరివాళ్ళే. మంచి బ్లీచింగ్ పౌడర్ అయితే వెయ్యి లీటర్లకి రెండున్నర గ్రాములు సరిపోతుంది. వేసిన అరగంట తర్వాతే నీళ్ళు వదలాలి. పొడి కొత్తగా ఉన్నప్పుడు 33 శాతం వరకు క్లోరిన్ ఉంటుంది, మూట విప్పి తేమలో పడేస్తే నెలల్లో సత్తువంతా పోతుంది. మాకు వచ్చే మూటలు ఒక్కోసారి చేత్తో పట్టుకుంటేనే గడ్డకట్టి ఉంటాయి. లైను చిట్టచివరి ఇంటి కుళాయి దగ్గర లీటరుకి 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలి. ట్యాంకు దగ్గర చూసి సంతకం పెట్టేస్తే లాభం లేదు.

చంపావతి_గట్టు
@వాటర్_ట్యాంక్ మీ మీద కోపం లేదన్నా. చివరి ఇంటి దగ్గర చూడాలన్న మాట నలుగురికీ చెప్పండి చాలు.

ఉద్దానం_కొబ్బరి
మాకు హిరమండలం రిజర్వాయరు నుంచి శుద్ధి చేసిన నీళ్ళు పైపుల్లో వస్తున్నాయి. 2023 డిసెంబర్‌లో ప్రారంభించారు. కిడ్నీ జబ్బుల కోసం వచ్చిన పథకం అనుకోండి. పిల్లల విరేచనాలకి కూడా ఉపయోగమే కదా?

చంపావతి_గట్టు
ఉపయోగమే. కానీ నీళ్ళు ఎంత దూరం నుంచి ఎంత శుభ్రంగా వచ్చినా చివరి వంద అడుగుల్లో పాడవుతాయి. మీ వీధి పైపు ఏ కాలువలోంచి వెళ్తోందో ఒకసారి వంగి చూడండి.

కోట_జంక్షన్
అన్నిటికీ పైపులే కారణమా? మా విజయనగరంలో మునిసిపల్ నీళ్ళు తాగే పిల్లలకీ వస్తున్నాయి. తల్లులు చేతులు కడుక్కోరు, పాల సీసా మరిగించరు, ఫోన్ చూస్తూ పిల్లాడికి అన్నం పెడతారు. అది చెప్పడానికి ఎవరికీ ధైర్యం లేదు.

రాజాం_అమ్మ
@కోట_జంక్షన్ మా కుళాయిలో నీళ్ళు రోజు విడిచి రోజు, అరగంట వస్తాయి. ఆ అరగంటలో తాగడానికి, వంటకి, పిల్లాడి గుడ్డలకి, ముసలాయనకి స్నానానికి పట్టాలి. పొలం పని నుంచి వచ్చి ఒక్కదాన్నే పట్టాలి. చేతులు కడుక్కోమని చెప్పేవాళ్ళు ఒక బిందె మోసి పెడితే వింటాం. పిల్లాడికి ఏమైనా అయితే ముందు నన్నే అంటారు, వాళ్ళ నాన్నని ఎవరూ ఒక్క మాట అనరు.

నైట్_డ్యూటీ
రాజాం అమ్మతో నేనున్నాను. ఇరవై ఏళ్ళుగా పిల్లల వార్డులో నర్సుగా చేస్తున్నాను. బిడ్డని ఎత్తుకుని రాత్రి బస్సు దొరక్క ఆటో మాట్లాడుకుని వచ్చేది తల్లే.

పాల సీసా మాట మాత్రం కోట జంక్షన్ గారిది సరైనదే. రబ్బరు పీక లోపలి అంచున పాలజిడ్డు ఎంత కడిగినా వదలదు. ఉగ్గుగిన్నె, చెంచా వాడండి, కడగడం తేలిక. తాగే నీళ్ళు మరిగి తెర్లిన తర్వాత ఇంకో నిమిషం ఉంచండి. బిందెలో గ్లాసు ముంచకుండా పొడుగు కాడ గరిటె పెట్టండి. పెరట్లో కోళ్ళు తిరిగే చోట పిల్లాడిని పాకనివ్వద్దు, కోడిరెట్ట నోట్లోకి పోయి వచ్చే విరేచనాలు చాలా చూశాను.

పలాస_జీడితోట
మా ఇంట్లో నీళ్ళు పట్టేది నేనే. మగవాళ్ళందరినీ ఒక గాటన కట్టొద్దు 🙂

రాజాం_అమ్మ
అయితే మా ఆయనకి మీ నంబరు ఇస్తాను, రెండు మాటలు చెప్పండి. జీడిపప్పు కూడా పంపండి.

నరసన్నపేట_మెడికల్
ఒక ముఖ్యమైన సంగతి. మా షాపుకి వచ్చి "ఓఆర్‌ఎస్" అని అట్టపెట్టెలో జ్యూసు అడిగేవాళ్ళే ఎక్కువ. పిల్లాడు ఇష్టంగా తాగుతాడని. అందులో చక్కెర మోతాదు మించి ఉంటుంది, అది పేగులోకి ఇంకా నీళ్ళు లాగి విరేచనాలు పెంచుతుంది. హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు ఏళ్ల తరబడి దీని మీద పోరాడారు. 2025 అక్టోబర్‌లో ఆహార భద్రతా సంస్థ ఆ పానీయాల పేర్లలో ఓఆర్‌ఎస్ అన్న మాటే వాడకూడదని ఉత్తర్వు ఇచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం లీటరుకి పడే పొడి 20.5 గ్రాములు, అందులో గ్లూకోజు 13.5 గ్రాములే. ప్యాకెట్ మీద ఆ సంస్థ పేరు, లీటరు కొలత చూసి కొనండి. సర్కారు ఆసుపత్రిలో, ఆశా కార్యకర్త దగ్గర ఊరికే ఇస్తారు.

కోట_జంక్షన్
పొడి నీళ్ళతో ఏం తగ్గుతుందండీ. సెలైన్ ఎక్కిస్తేనే పిల్లలు లేస్తారు, కళ్ళారా చూశాను.

లెక్కల_మాస్టారు
బాగా ఎండిపోయిన పిల్లలకి సెలైన్ కావాలి, కాదనరు. మిగతా అందరికీ పొడి నీళ్ళే చాలు. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం అప్పుడు బనగాఁవ్ శరణార్థి శిబిరంలో కలరా. సెలైన్ సీసాలు అయిపోయాయి. దిలీప్ మహలనబిస్ అనే డాక్టరు ఉప్పు, గ్లూకోజు, సోడా లెక్కగా కలిపించి డ్రమ్ముల్లో పెట్టి బంధువుల చేతే తాగించారు. అంతకుముందు వందకి ముప్పై మంది పోతున్న చోట నలుగురి లోపుకి పడిపోయింది. ఆయనకి 2023లో మరణానంతరం పద్మవిభూషణ్ ఇచ్చారు.

నైట్_డ్యూటీ
విరేచనాల గురించి అందరూ రాస్తున్నారు. నన్ను ఎక్కువ భయపెట్టేది దగ్గు. విరేచనాల పిల్లాడిని తల్లి త్వరగానే తెస్తుంది, కళ్ళకి కనబడుతుంది కాబట్టి. నిమోనియా పిల్లాడిని "జలుబే కదా" అని నాలుగు రోజులు ఉంచేస్తారు. వచ్చేసరికి పెదాలు నీలంగా ఉంటాయి.

ఇంట్లోనే చూడొచ్చు. పిల్లాడు ఏడవకుండా, పాలు తాగకుండా ఉన్నప్పుడు చొక్కా పైకెత్తండి. ఫోన్లో నిమిషం పెట్టుకుని పొట్ట ఎన్నిసార్లు లేచిందో లెక్కపెట్టండి. పదిహేను సెకన్లు చూసి నాలుగుతో గుణించడం వద్దు, పసివాళ్ళ ఊపిరి ఒక తీరుగా ఉండదు, నిమిషం అంతా చూడాలి. రెండు నెలల లోపు బిడ్డకి 60 లేదా పైన, ఏడాది లోపు 50 లేదా పైన, ఏడాది దాటితే 40 లేదా పైన ఉంటే అది మామూలు జలుబు కాదు. ఊపిరి పీల్చినప్పుడు పక్కటెముకల కింద గుంట పడుతుంటే, అదే మనవాళ్ళు డొక్కలెగరేస్తున్నాడు అంటారే, అప్పుడు లెక్క కూడా అక్కర్లేదు, బయల్దేరండి.

కర్పూరం కొబ్బరినూనెలో కరిగించి ఛాతీకి రాయకండి, ముక్కు దగ్గర గుడ్డలో కట్టి పెట్టకండి. నోట్లోకి పోతే ఫిట్స్ వస్తాయి. పొట్ట మీద వాతలు పెట్టించుకుని వచ్చిన పిల్లలు ఈ మధ్య కూడా కనబడ్డారు. ఆ పుండ్లకి వేరే వైద్యం చేయాల్సి వచ్చింది. కట్టెల పొయ్యి పొగలో పిల్లాడిని ఒళ్ళో పెట్టుకుని వండొద్దని చెప్పడం తేలిక, వేరే గది లేనివాళ్ళు ఏం చేస్తారు, కనీసం గుమ్మం బయట పొయ్యి పెట్టుకోండి.

సీతంపేట_గెడ్డ
మా మండలం 2022 ఏప్రిల్ నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్ళింది, అయినా నేను ఇక్కడే రాస్తాను. కొండ మీద సవర గూడలో బడి చెప్తున్నాను. మీరు పైపు జాయింటు గురించి మాట్లాడుకుంటున్నారు, మా దగ్గర పైపే లేని గూడలున్నాయి. ఊట దగ్గర చెలమ తవ్వుకుని తాగుతారు. వానలో పైనున్న పశువుల పేడ అంతా అందులోకే దిగుతుంది.

దానికి తోడు మలేరియా. మైదానంలో దోమ అంటే మురుగ్గుంట అనుకుంటారు. ఇక్కడ కొండవాగు అంచున, మెల్లగా పారే తేట నీటిలోనే ఫ్లువియాటిలిస్ దోమ గుడ్లు పెడుతుంది. గెడ్డ నీళ్ళు అద్దంలా ఉన్నాయని మురిసిపోయే చోటే అది పెరుగుతుంది. ఫాల్సిపారం రకం మలేరియా పసిపిల్లల మెదడుకి ఎక్కితే గంటల్లో ఫిట్స్. ఆశా కార్యకర్త దగ్గర వేలి మీద చుక్క రక్తంతో చూసే కిట్టు ఉంటుంది, అది అయిపోయిన వారం జ్వరం వస్తే కొండ దిగాలి. దారి లేని గూడల నుంచి డోలీ కట్టి మోసుకొస్తారు. పెద్దవాళ్ళని నలుగురు మోస్తారు. బిడ్డని తల్లి ఒక్కతే వీపున కట్టుకుని దిగుతుంది.

మందు పూసిన దోమతెరలు ఇచ్చారు. పిల్లలు పడుకునే వేళకి కడుతున్నారా అని సాయంత్రాలు నేనే వెళ్ళి చూస్తాను. కొందరు కూరగాయల మడికి కంచెగా కట్టారు. తిట్టలేదు, కోళ్ళ నుంచి ఆ మడిని కాపాడుకోకపోతే వాళ్ళకి కూర లేదు. ఇంకోటి అడిగి తెప్పించి ఇచ్చాను.

ఏఎన్ఎం_అక్క
సీతంపేట మాస్టారూ, మీలాంటివాళ్ళు గూడకి ఒకరుంటే మా పని సగం తేలిక.

బొబ్బిలి_వీణ
మా మనవరాలికి ఒళ్ళంతా ఎర్రగా పొక్కింది, కళ్ళు ఎర్రబడ్డాయి, జ్వరం. అమ్మవారు పోసింది. ఇంట్లో తాలింపు వేయడం మానేశాం, వేపాకు కట్టాం. మందు వేస్తే అమ్మవారికి కోపం వస్తుందని మా వదిన అంటోంది. నాకేమో ఈ చర్చ చదివాక ఊరుకోబుద్ధి కావడం లేదు.

ఏఎన్ఎం_అక్క
అమ్మా, తాలింపు మానండి, వేపాకు కట్టండి, పైడితల్లమ్మకి మొక్కుకోండి, ఎవరూ అడ్డు చెప్పరు. వాటితో పాటు ఈ రోజే ఆసుపత్రిలో చూపించండి. మీరు చెప్పింది తట్టులా ఉంది. తట్టు వచ్చిన పిల్లలకి వరసగా రెండు రోజులు విటమిన్ ఏ ఇవ్వాలి. అది లేకపోతే కళ్ళు దెబ్బతింటాయి, వెనకే నిమోనియా, విరేచనాలు పట్టుకుంటాయి. ప్రాణం తీసేది అవే. తిండి, పాలు మానిపించొద్దు. దద్దు కనబడ్డాక నాలుగు రోజులు మిగతా పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి. పాపకి తొమ్మిది నెలలకి ఎంఆర్ (తట్టు, రుబెల్లా) టీకా పడిందా?

బొబ్బిలి_వీణ
కోడలు కార్డు చూసి చెప్పింది, ఒకటే పడింది. రెండోదానికి వాళ్ళు ఊళ్ళో లేరు. మధ్యాహ్నం తీసుకెళ్తున్నాం.

చెన్నై_మేస్త్రి
ఆ రెండో టీకా సంగతే నేనూ అడగాలనుకున్నాను. మాది సోంపేట వైపు. ఏడాదిలో ఎక్కువ నెలలు చెన్నైలో బిల్డింగ్ పని. పాప పుట్టింది మా ఆవిడ పుట్టింట్లో, మొదటి టీకాలు అక్కడే. తర్వాత సైటు దగ్గర షెడ్డులో ఉంటాం. ఇప్పుడు పాపకి రెండేళ్ళు దాటాయి. ఇక్కడ అడిగితే తమిళంలో ఏదో చెప్పి ఊరికి వెళ్ళి వేయించుకోమన్నట్టు సైగ చేశారు. మళ్ళీ మొదటి నుంచి వేయించాలా? మా సైటులో మనవైపు కుటుంబాలు చాలా ఉన్నాయి, అందరిదీ ఇదే పరిస్థితి.

ఏఎన్ఎం_అక్క
తమ్ముడూ, మొదటి నుంచి అక్కర్లేదు. ఆగిన చోట నుంచే కొనసాగిస్తారు. ఎంఆర్ ఐదేళ్ళ లోపు ఎప్పుడైనా వేయించొచ్చు. దేశంలో ఏ సర్కారు కేంద్రంలోనైనా మీ పాపకి టీకా వేయాల్సిందే, ఊరు ఏదని అడగడానికి లేదు. తల్లీబిడ్డల కార్డు ఫొటో తీసి ఫోన్లో పెట్టుకోండి, సర్కారు టీకాల ఆన్‌లైన్ నమోదు యూ-విన్‌లో ఉంటే అక్కడివాళ్ళకి కూడా కనబడుతుంది. ఒక్క రోటా చుక్కల (విరేచనాల టీకా) దగ్గరే తొందర: మొదటి డోసు ఏడాది దాటితే ఇవ్వరు. మీ షెడ్లలో కొత్తగా పుట్టినవాళ్ళుంటే ఆరు, పది, పద్నాలుగు వారాలు దాటనివ్వకండి. రోటా వ్యాక్సిన్‌ని సర్కారు 2016లో మొదట మొదలుపెట్టిన నాలుగు రాష్ట్రాల్లో మనది ఒకటి. అది వేసినా విరేచనాలు అసలే రావని కాదు, ప్రాణం మీదికి తెచ్చేవి బాగా తగ్గుతాయి. నిమోనియాకి పీసీవీ టీకా 2021 నుంచి అందరికీ ఉచితం, అంతకుముందు ప్రైవేటులో వేలు పెట్టి కొనేవాళ్ళు.

చెన్నై_మేస్త్రి
ఐదేళ్ళ లోపు అన్న మాట విని ప్రాణం కుదుటపడింది. మిగతావాళ్ళ కార్డులు ఈ రాత్రే ఫొటోలు తీస్తాను.

పలాస_జీడితోట
తిత్లీ తుఫాను అప్పుడు, 2018 అక్టోబర్‌లో, మా దగ్గర రోజుల తరబడి కరెంటు లేదు. బోర్లు ఆడలేదు. నుయ్యిలో కొబ్బరిమట్టలు, చచ్చిన కోళ్ళు. జనరేటర్ అద్దెకు తెచ్చి నీళ్ళు తోడుకున్నాం. అప్పుడు ఊళ్ళో పెద్దాయన ఒకరు పిల్లలున్న ఇళ్ళకే ముందు నీళ్ళు అని గట్టిగా నిలబడ్డారు. గొడవలు అయ్యాయి, అయినా ఆయన దిగలేదు. తుఫాన్లు మనకి కొత్త కాదు. ప్రతి ఊరూ పిల్లల ఇళ్ళ జాబితా ముందే రాసి పెట్టుకోవాలి.

రాజాం_అమ్మ
జింకు మొదలుపెట్టాను. అంగన్‌వాడీ టీచరు, నేను, పక్కింటి ఆవిడ కలిసి మా వీధి కుళాయి నీళ్ళు పరీక్ష సీసాలో పోసి పెట్టాం, నీళ్ళలో మురుగు క్రిములుంటే నల్లబడుతుంది అది. సచివాలయంలో అడిగితే ఇచ్చారు. మర్నాటికి నల్లగా తిరిగింది. ట్యాంకు దగ్గర పట్టిన నీళ్ళు మాత్రం మారలేదు.

వాటర్_ట్యాంక్
అమ్మా, అంటే ట్యాంకు బాగుంది, దారిలో ఎక్కడో పాడవుతోంది. ఏ ఇంటి నుంచి నల్లబడటం మొదలైందో వరసగా చూడండి, లీకు ఆ ఇంటికీ దాని ముందు ఇంటికీ మధ్య ఉంటుంది. రెండు సీసాలూ పక్కపక్కన పెట్టి ఫొటో తీసి, తేదీ వేసి అర్జీకి జతచేయండి. నోటి మాటగా చెప్తే మా పైవాళ్ళు కదలరు. ఈలోపు మొదటి బిందె నీళ్ళు తాగడానికి పట్టకండి, గుడ్డలకి వాడండి.

చంపావతి_గట్టు
అర్జీ నమూనా మా దగ్గరుంది. మెసేజ్ పెట్టండి, పంపిస్తాను. వీధిలో మోటార్లు బిగించినవాళ్ళతో కూడా మాట్లాడండి, మా దగ్గర అది పైపు బాగుచేయించడం కంటే కష్టమైంది.

పొందూరు_నూలు
మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. మా పాపకి నెలన్నర. సాయంత్రం నుంచి ఒళ్ళు కాలిపోతోంది, పాలు సరిగ్గా పట్టడం లేదు. విరేచనాలు లేవు. జ్వరం సిరప్ ఎన్ని చుక్కలు వేయాలి? పొద్దున్నే డాక్టరు దగ్గరికి వెళ్దామని మావారు అంటున్నారు.

నైట్_డ్యూటీ
పొద్దున దాకా ఆగకండి. రెండు నెలల లోపు బిడ్డకి జ్వరం ఉండి పాలు తాగకపోతే ఇప్పుడే వెళ్ళాలి. సిరప్ వేసి జ్వరం తగ్గిందని ఊరుకుంటే ఇంకా ప్రమాదం. శ్రీకాకుళం సర్కారు ఆసుపత్రిలో రాత్రి కూడా పసిపిల్లల్ని చూస్తారు. 108కి చేయండి, మీ దగ్గరే బండి ఉంటే 108 కోసం కూడా ఆగొద్దు.

పొందూరు_నూలు
మా తమ్ముడి కారు ఉంది. వెళ్తున్నాం.

నైట్_డ్యూటీ
టీకాల కార్డు, ఇప్పటిదాకా వాడిన మందుల చీటీలు తీసుకెళ్ళండి. పాపని మీ ఒంటికి ఆనించి పట్టుకోండి, దారిలో పాలు పడుతూనే ఉండండి. గేటు దగ్గర చీటీ రాయించే వరసలో నిలబడకుండా నెలన్నర బిడ్డ, జ్వరం అని ముందే చెప్పండి, నేరుగా లోపలికి పంపిస్తారు.